కర్రచక్రాల బండి, టైరు బండి

కర్రచక్రాల బండి, టైరు బండి అనేవి రాయలసీమలో వ్యవసాయానికి, సరకుల రవాణాకు ఉపయోగించే రెండు రకాల ఎద్దుల బండ్లు. మొదటిది కొయ్యతో చేసి, చక్రాలకు ఇనుప పట్టా తొడిగిన పాతకాలపు బండి. రెండవది ఇనుప ఇరుసు, బేరింగులు, గాలి నింపిన రబ్బరు టైర్లు గల బండి. నంద్యాల, ఆళ్ళగడ్డ పరిసర గ్రామాలలో ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఈ రెండూ బాగా తగ్గిపోయాయి. అయినప్పటికీ సొంత ఎద్దులున్న చిన్న రైతుకు గడ్డి, పేడ ఎరువు, విత్తనాలు, కొద్దిపాటి ధాన్యం చేరవేయడానికి బండి అవసరం ఇంకా ఉన్నది. అటువంటి రైతు ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. చేవగల కొయ్యతో తాతల నాడు చేయించిన బండిని బాగుచేయించుకొని వాడుకోవాలా, లేక దానిని వదిలి తేలికైన టైరు బండిని కొనుక్కోవాలా?

ఈ ప్రశ్నలోని చిక్కంతా "తేలిక" అన్న మాటలోనే ఉన్నది. బండి బరువు తక్కువగా ఉండటం ఒకటి, లాగడానికి తేలికగా ఉండటం మరొకటి, ఎద్దు మెడకు తేలికగా ఉండటం ఇంకొకటి. ఈ మూడూ ఒకే బండిలో కలిసి ఉండాలన్న నియమం లేదు.

నేల, దారులు

నంద్యాల ప్రాంతానికి తూర్పున నల్లమల కొండలు, పడమట ఎర్రమల కొండలు ఉన్నాయి. ఈ రెండింటి నడుమ కుందూ నది పారే లోయలో అధికభాగం నల్లరేగడి నేల. ఎండాకాలంలో ఈ నేల రాయిలా గట్టిపడి నెర్రెలు విచ్చుతుంది. వాన పడితే బంకలా సాగి చక్రానికి అంటుకుంటుంది. కర్నూలు-కడప కాలువ కింద వరి పండే పొలాలలో కోత నాటికి కూడా తేమ పూర్తిగా ఆరకపోవచ్చు. ఆళ్ళగడ్డ నుండి అహోబిలం, రుద్రవరం వైపు వెళ్ళేకొద్దీ కొండ దగ్గరై నేల రాతినేలగా మారుతుంది, దారిలో ఎత్తుపల్లాలు పెరుగుతాయి. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి తారుబాట.

అనగా ఒకే బండి ఒకే రోజున రేగడి చేలోనుండి బయలుదేరి, మట్టిబాట మీద నడిచి, చివరకు తారురోడ్డు ఎక్కవలసి రావచ్చు. ఏ బండి మంచిదో చెప్పే ముందు, అది ఆ మూడింటిలో దేనిమీద ఎక్కువసేపు నడుస్తుందో తెలియాలి.

కర్రచక్రాల బండి

ఈ బండిలో నొగలు, తొట్టి, ఇరుసు, చక్రాలు, కాడి ముఖ్యభాగాలు. చక్రాన్ని రాయలసీమలో గాను అని కూడా అంటారు. చక్రం నడుమ కుండ, దాని నుండి బయలుదేరే ఆకులు, ఆకుల కొనలను కలుపుతూ వంపుగా చెక్కిన కొయ్యముక్కలు, వాటన్నిటినీ బిగించి పట్టుకొనే ఇనుప పట్టా ఉంటాయి. చక్రం ఊడిపోకుండా ఇరుసు కొనకు కడశీల వేస్తారు. చక్రాలకు తుమ్మకొయ్య, మిగిలిన భాగాలకు నల్లమద్ది, టేకు వంటి చేవగల కలప వాడేవారు. నల్లమల దగ్గరగా ఉండటంవల్ల ఈ ప్రాంతంలో మంచి కలపకు పూర్వం కొదవ లేదు. ఇప్పుడు అటువంటి కలపతో కొత్తగా బండి చేయించడం చాలా ఖర్చుతో కూడిన పని. కాబట్టి పాతబండికి ఉన్న విలువ చాలావరకు దాని కొయ్యకు ఉన్న విలువే.

పట్టా తొడగడం వడ్రంగి, కమ్మరి కలిసి చేసే పని. పట్టాను చక్రం చుట్టుకొలతకంటె కొంచెం చిన్నదిగా చేసి, నిప్పుల మీద ఎర్రగా కాలుస్తారు. కాలినపుడు ఇనుము వ్యాకోచిస్తుంది. ఆ సమయంలో దానిని చక్రానికి తొడిగి వెంటనే నీళ్ళు పోస్తే, చల్లబడి సంకోచించి ఆకులను, కుండను, అంచు ముక్కలను ఒక్కటిగా బిగిస్తుంది. పాఠశాలలో ఘనపదార్థాల వ్యాకోచాన్ని బోధించడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. ఒకప్పుడు పల్లెటూరి విద్యార్థులు దీనిని పుస్తకంలో చదవడానికి ముందే కమ్మరి కొలిమి దగ్గర చూసి ఉండేవారు.

వేసవిలో కొయ్య ఎండి కుంచించుకుపోతుంది కాని ఇనుము అలా కుంచించుకుపోదు. అందువల్ల పట్టా వదులై, ఆకులు కదిలి, చక్రం కిర్రుమంటుంది. అప్పుడు చక్రాలను చెరువులోగాని, నీటికుంటలోగాని నానవేసి కొయ్యను ఉబ్బించేవారు. ఇది తాత్కాలిక వైద్యమే. వదులు మరీ ఎక్కువైతే పట్టాను కోసి, కురచచేసి, అతికి, మళ్ళీ కాల్చి తొడగవలసిందే. ఇరుసుకు కందెన వేయడం మరొక నిత్యకృత్యం. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి కందెన చేసేవారు.

ఈ చక్రానికి ఒక గొప్ప గుణం దాని ఎత్తు. నాలుగున్నర నుండి అయిదు అడుగుల వ్యాసం గల చక్రం చిన్న గుంటలో పూర్తిగా దిగదు, రాయి అడ్డువస్తే సులభంగా ఎక్కి దిగుతుంది. ఇరుసు ఎత్తుగా ఉండటంవల్ల వాగులోను, బురదలోను తొట్టి నేలకు తగలదు. దోషం దాని అంచు సన్నదనం. రెండు మూడు అంగుళాల వెడల్పు గల ఇనుప అంచు మీద బరువంతా పడటంవల్ల మెత్తని నేలలో అది కత్తిలా దిగుతుంది, తారుబాటను కోస్తుంది. ఈ దోషం మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండులో సన్నని చక్రాలు బాటలను పాడుచేస్తున్నాయని 1753లో చట్టంచేసి, బరువు బండ్లకు తొమ్మిది అంగుళాల వెడల్పు గల చక్రాలను నిర్దేశించారు.

టైరు బండి

గాలి నింపిన టైరుకు రాబర్ట్ థామ్సన్ 1845లో పేటెంటు పొందినా, అది వ్యాప్తిలోకి వచ్చింది 1888లో జాన్ బాయ్డ్ డన్లప్ దానిని సైకిలుకు అమర్చిన తరువాతనే. భారతదేశంలో డన్లప్ సంస్థ 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో కర్మాగారాన్ని నెలకొల్పింది. పశువులు లాగే బండ్లకోసం ప్రత్యేకంగా టైర్లు తయారై అమ్మకానికి వచ్చాయి. ఉత్తర భారతంలో కొన్నిచోట్ల ఇటువంటి బండికి "డన్లప్" అన్నదే పేరుగా స్థిరపడింది. తెలుగువారు మాత్రం టైరు బండి అన్నారు. పల్లెలలో కొత్త టైర్లకు బదులు లారీలకు, జీపులకు వాడి తీసేసిన టైర్లను, ఇరుసులను అమర్చుకోవడమే ఎక్కువ.

ఎద్దుల బండిని మెరుగుపరచాలని దేశవ్యాప్తంగా గట్టిగా వాదించినవారిలో ఎన్.ఎస్. రామస్వామి ముఖ్యులు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌కు మొదటి సంచాలకులైన ఆయన 1970లలో ఈ విషయాన్ని అధ్యయనం చేశారు. అప్పట్లో దేశంలో బండ్ల సంఖ్య కోటికి పైమాటే. రాకెట్లు పంపే దేశంలో ఇన్ని బండ్లు పూర్వకాలపు తీరులోనే ఎందుకు నడవాలన్నది ఆయన వాదంలోని సారం. అయితే ఆయన కోరింది టైరు ఒక్కటే కాదు. కాడి, బేరింగు, బ్రేకు, తొట్టి బరువు అన్నీ మారాలన్నది ఆయన ఉద్దేశం. పల్లెలకు చేరింది మాత్రం ఎక్కువగా టైరు, బేరింగు మాత్రమే.

లాగుడు బలం

చక్రమే లేకపోతే ఎంత బలం కావాలో ఈ ప్రాంతంలో బండలాగుడు పోటీలు చూసినవారికి చెప్పనక్కరలేదు. నేలమీద ఈడ్చే బండ విషయంలో దాని బరువులో దాదాపు సగానికి సమానమైన బలం కావలసిరావచ్చు. చక్రం ఈ భాగాన్ని బాగా తగ్గిస్తుంది. ఎంత తగ్గిస్తుందన్నది చక్రం మీద, బాట మీద ఆధారపడుతుంది.

లెక్క సులభంగా ఉండటానికి గట్టి మట్టిబాట మీద ఇనుప పట్టా చక్రానికి బరువులో ఇరవయ్యవ వంతు, టైరుకు నలభయ్యవ వంతు బలం కావాలని అనుకుందాం. సరకుతో సహా 1,500 కిలోల బరువున్న కర్రచక్రాల బండిని సమతలంమీద లాగడానికి 75 కిలోల బలం కావాలి. అదే బరువున్న టైరు బండికి దాదాపు 38 కిలోలు చాలు. ఎద్దు ఎక్కువసేపు నిలకడగా లాగగలిగేది తన బరువులో సుమారు పదవ వంతు. ఒక్కొక్కటి 450 కిలోలు తూగే జత ఎద్దులకు ఇది 90 కిలోలు. కాబట్టి మొదటి బండితో ఎద్దులు శ్రమపడి నడుస్తాయి, రెండవ బండితో హాయిగా నడుస్తాయి.

ఇక్కడే రైతుకు ఆశ పుడుతుంది. "సగం బలమే కావాలి గదా, రెట్టింపు వేద్దాం" అని 3,000 కిలోలకు పెంచితే సమతలం మీద మళ్ళీ 75 కిలోలే. ఎద్దులకు తేడా లేదు, రైతుకు రెండు తిరుగుళ్ళ పని ఒక తిరుగుడులో అయిపోయింది. ఈ లెక్క సమతలం ఉన్నంతవరకే నిజం. ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు వచ్చిందనుకోండి. ఎత్తు ఎక్కడానికి కావలసిన అదనపు బలం బరువును బట్టి ఉంటుంది గాని చక్రాన్ని బట్టి కాదు. కొయ్యచక్రమైనా, టైరైనా బరువులో ఇరవయ్యవ వంతు అదనంగా కావలసిందే. 1,500 కిలోల కర్రచక్రాల బండికి 75, 75 కలిపి 150 కిలోలు. 3,000 కిలోల టైరు బండికి 75, 150 కలిపి 225 కిలోలు. ఎద్దులు కొద్దిసేపు తమ నిలకడ బలానికి రెండింతలు, అంతకు మించి కూడా లాగగలవు. కాని ఎత్తు పొడవుగా ఉంటే మోకాళ్ళమీద పడతాయి.

దిగుడులో సంగతి ఇంకా ప్రమాదకరం. అదే వాలులో 1,500 కిలోల కర్రచక్రాల బండిని కిందికి తోసే బలం 75 కిలోలు, చక్రాల నిరోధం 75 కిలోలు. రెండూ సరిపోతాయి, బండి తనంతట తాను ఎద్దుల మీదికి రాదు. 3,000 కిలోల టైరు బండి విషయంలో తోసే బలం 150, నిరోధం 75. మిగిలిన 75 కిలోలను ఎద్దులే మెడలతో ఆపుకోవాలి. సులభంగా దొర్లడం అనే గుణమే దిగుడులో దోషమవుతుంది. పాతబండికి ఈ వాలులో బ్రేకు లేకపోయినా గడిచిపోతుంది. టైరు బండికి బ్రేకు లేకపోవడం పెద్ద లోపం. ఆళ్ళగడ్డకు తూర్పున కొండవైపు దారులలో నడిపేవారికి ఇది మరీ ముఖ్యం.

మెత్తని నేలలో లెక్క మారుతుంది. టైరు వెడల్పుగా ఉండి బరువును పరుస్తుంది కాబట్టి తడి ఆరని చేలో సన్నని పట్టాకంటె తక్కువ దిగుతుంది. గాలి కొంచెం తగ్గిస్తే ఇంకా మేలు. కాని అదే గాలితో తారురోడ్డు ఎక్కితే టైరు నలిగి, లాగుడు బరువై, పక్కలు పగులుతాయి. బంకమట్టి బాగా అంటుకునే రోజున మాత్రం ఏ బండీ నడవదు. ఆ రోజు ఎద్దులను విప్పి పాకలో కట్టడమే తెలివైన పని.

కాడిమీద బరువు

రెండు చక్రాల బండిలో సరకు బరువంతా ఇరుసు మీద పడదు. ఇరుసుకు ముందున్న బరువు కాడిని కిందికి నొక్కుతుంది, వెనుకనున్న బరువు కాడిని పైకి లేపుతుంది. ఇరుసు నుండి కాడికి పది అడుగుల దూరం ఉన్న బండిలో 1,000 కిలోల సరకు యొక్క గరిమనాభి ఇరుసుకు ఒక అడుగు ముందుంటే, తులాసూత్రం ప్రకారం ఎద్దుల మెడల మీద 100 కిలోల బరువు నిలిచి ఉంటుంది. ఒక అడుగు వెనుక ఉంటే కాడి అంతే బలంతో పైకి లేచి మెడపట్టీలు గొంతుకు బిగుసుకుంటాయి. అనుభవంగల బండివాడు బస్తాలు వేసిన తరువాత కాడిని చేత్తో ఎత్తి చూసి, ఒకటి రెండు బస్తాలు ముందుకో వెనుకకో జరుపుతాడు. కొద్దిగా ముందుకు మొగ్గు ఉండటం మంచిది. ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు పేరుపొందిన ఊరు. విగ్రహం వంటి ఒంటి బరువును బండిమీద వేసేటప్పుడు ఈ సర్దుబాటు మరీ అవసరం. బస్తాలను ఒక్కొక్కటిగా జరపవచ్చు గాని రాయిని జరపలేము.

మోటారు వాహనాలకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది. ముందు చక్రాలు లేకుండా తన ముందుభాగాన్ని లారీమీద ఆనించి నడిచే పెద్ద ట్రైలరును కలిపే గుండ్రని పళ్ళాన్ని "అయిదవ చక్రం" అంటారు. ఆ పేరు గుర్రపుబండ్ల కాలంనాటిది. నాలుగు చక్రాల బండి మలుపు తిరగడానికి ముందు ఇరుసు మీద అడ్డంగా అమర్చిన కట్టుకు ఆ పేరు ఉండేది. అమెరికాలో ఇల్లువలె వాడుకొనే ఈ తరహా ట్రైలర్లలో మొత్తం బరువులో సుమారు 15 నుండి 25 శాతం లాగే వాహనం మీద పడేటట్లు చూస్తారు. లారీకి ఇనుప చట్రం ఉన్నది కనుక ఆ భారం భరిస్తుంది. ఎద్దుకు ఉన్నది మూపురం ముందు చర్మం మాత్రమే. కాడి ఒరిపిడితో వచ్చే మెడపుండు మానడానికి ఎన్నో రోజుల విశ్రాంతి కావాలి, సేద్యపు రోజులలో ఆ విశ్రాంతి దొరకదు.

పాతబండిని బాగుచేయించి టైర్లు తొడిగేవారు ఈ విషయం మరచిపోతుంటారు. ఎత్తైన చక్రాలు తీసి పొట్టి టైర్లు వేస్తే ఇరుసు దిగిపోతుంది, నొగలు కాడివైపు ఏటవాలుగా లేస్తాయి, సరకు వెనుకకు మొగ్గుతుంది. ఇరుసు మీద దిమ్మెలు వేసి తొట్టిని తగిన ఎత్తుకు లేపకపోతే, ఖర్చుపెట్టి ఎద్దుకు బాధ కొని తెచ్చినట్లవుతుంది.

చట్టపరమైన పరిమితులు

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం (1960) కింద 1965లో బరువులు లాగే, మోసే పశువుల గురించి నియమాలు వచ్చాయి. వీటి ప్రకారం 350 కిలోలకు మించి తూగే పెద్ద ఎద్దు ఒక్కటి లాగే రెండు చక్రాల బండిలో, గాలి టైర్లు లేకపోతే 900 కిలోలు, గాలి టైర్లుంటే 1,350 కిలోలు, బాల్ బేరింగులు కూడా ఉంటే 1,800 కిలోలు గరిష్ఠ పరిమితి. జత ఎద్దులకు ఇది రెట్టింపు. కిలోమీటరుకు తక్కువకాని ఎత్తులో, పది అడుగులకు ఒక అడుగుకంటె ఎక్కువ వాలు ఉంటే పరిమితి సగమవుతుంది. టైరు మాత్రమే అమర్చినందుకు నియమం అనుమతించిన పెంపు ఒకటిన్నర రెట్లే గాని రెండు రెట్లు కాదన్నది గమనించదగినది. పైన చెప్పిన లెక్కలో టైరు బండిని 2,250 కిలోలకు పరిమితం చేస్తే ఎత్తులో కావలసిన బలం సుమారు 169 కిలోలకు తగ్గుతుంది, అనగా పాతబండి కంటె కొంచెమే ఎక్కువ.

రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా అయిదు గంటలకు మించి పనిచేయించరాదని, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతాలలో మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు పశువులను కట్టరాదని కూడా ఈ నియమాలలో ఉన్నది. నంద్యాలలో వేసవి అంతా ఈ నియమం వర్తించేదే. ఇది తెలిసినవారు తక్కువ, పాటించేవారు మరీ తక్కువ.

ఎంపికలో చూడవలసినవి

పాతబండి కొయ్య బాగుంటే దానికి సాటి లేదు. నీడన ఉంచిన చేవగల కొయ్య తరాలపాటు నిలుస్తుంది. చూడవలసింది పైపూతను కాదు, కీళ్ళను. చక్రాన్ని నేలనుండి ఎత్తి తిప్పి, అంచు అటూ ఇటూ ఊగుతున్నదేమో చూడాలి. ఆకులను ఒక్కొక్కటిగా కర్రతో తడితే బిగువైనది ఖంగుమంటుంది, వదులైనది బద్దగా పలుకుతుంది. కుండ లోపలి రంధ్రం అరిగి వెడల్పైతే చక్రం ఎంత అందంగా ఉన్నా దాని పని అయిపోయినట్లే. నొగలు తొట్టిని కలిసే చోట చెద, పుచ్చు ఉన్నాయేమో గుచ్చి చూడాలి.

అన్నిటికంటె ముందు విచారించవలసినది, చుట్టుపక్కల పట్టా తొడగగల కమ్మరి, ఆకు వేయగల వడ్రంగి ఉన్నారా అని. వారు లేని ఊరిలో ఎంత మేలైన పాతబండి అయినా మొదటి ఆకు విరిగేవరకే. ఈ పనిచేసే కుటుంబాలు చాలావరకు వేరే వృత్తులలోకి పోయాయి. నా ఉద్దేశంలో నేడు పాతబండికి అసలు కొరత కలప కాదు, ఈ పనివారే.

టైరు బండిని చూసేవారు ముందుగా టైర్ల పక్కభాగం చూడాలి. గాళ్ళు లోతుగా ఉన్నా పక్కన సన్నని పగుళ్ళు ఉంటే అది ముసలి టైరు. 2000 తరువాత తయారైన టైరుపై నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండంకెలు వారాన్ని, చివరి రెండంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. రెండు టైర్లూ ఒకే కొలత, ఒకే గాలి కలిగి ఉండాలి, లేకపోతే బండి ఒకవైపుకు లాగి ఒక ఎద్దు మెడే ఎక్కువ ఒరుసుకుంటుంది. చక్రం తిప్పినపుడు గరగర శబ్దం వస్తే బేరింగు పోయినట్లు. తొట్టి రేకు పలుచనైతే బండి బరువు తగ్గుతుంది, నిజమే. నూరు కిలోలు తగ్గితే 75 కిలోల వడ్ల బస్తా ఒకటి అదనంగా వేసుకోవచ్చు. కాని ఆ తగ్గింపు రేకులో జరిగిందా, చట్రంలో జరిగిందా అన్నది చూడాలి. రేకు పోతే మార్చుకోవచ్చు. చట్రంలో అతుకు విడిస్తే బండి నడిబాటలో కూర్చుంటుంది.

ముల్లు మరొక సమస్య. గట్ల వెంట, కాలువల వెంట తుమ్మ, సర్కారుతుమ్మ విరివిగా ఉన్న చోట టైరు బండివాడు పంక్చరు సామాను వెంట ఉంచుకోవాలి. కర్రచక్రానికి ఈ బెడద లేదు.

తారురోడ్డు మీద నంద్యాల మార్కెటుకో, ఆళ్ళగడ్డకో తరచుగా పోయే రైతుకు బ్రేకు ఉన్న టైరు బండి తగినది, అయితే పాతబండిలో వేసిన బరువుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. ఏడాదిలో కొన్ని రోజులు మాత్రమే, ఊరికి చేనుకు మధ్య, ముళ్ళు రాళ్ళు ఉన్న బాటలో ఎరువు, గడ్డి తోలుకొనేవారు మంచి కొయ్యబండి ఉంటే దానిని అమ్ముకోనక్కరలేదు. ఏడాదిలో ఎక్కువకాలం నిలిచి ఉండే టైరు బండికి ఎండలో రబ్బరు వాడకుండానే పాడవుతుంది. అందువల్ల దానిని నిలిపినపుడు ఇరుసు కింద రాళ్ళు పేర్చి టైర్లను నేలనుండి లేపి, పైన గోనెపట్టాలు కప్పుతారు.